కొండ దారిలో నర్సు: మేరీ బ్రెకిన్‌రిడ్జ్ జీవితము



మందు లేని వ్యాధితో చనిపోయినవారు కొందరు. మందు ఉండియు, అది తమ గడప వరకు రాక చనిపోయినవారును అనేకులు. పట్టణములో వైద్యుడున్నాడు, ఆసుపత్రి ఉన్నది. గాని నడుమ ఏరు పొంగుచున్నది, బండి పోవు దారి లేదు, చేతిలో డబ్బు లేదు, అర్ధరాత్రి చీకటి. అట్టి రాత్రి ప్రసవవేదన పడుచున్న తల్లికి ఆ ఆసుపత్రి ఉన్నను లేనట్టే. పల్లెలలో కాపురముండు మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

అమెరికా దేశములోని కెంటకీ కొండలలో ఈ కష్టమును తీర్చుటకై తన ఆస్తిని, దేహబలమును, జీవితములో మిగిలిన 40 సంవత్సరములను ఇచ్చివేసిన యొక స్త్రీ చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

గొప్ప యింటి బిడ్డ

మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1881వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన టెన్నెసీ రాష్ట్రములోని మెంఫిస్ పట్టణమున జన్మించెను. ఆమె తాతగారు అమెరికా దేశమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. తండ్రి దేశపు శాసనసభలో సభ్యుడై, పిమ్మట రష్యా దేశమునకు రాయబారిగా వెళ్లెను. అందువలన ఆమె బాల్యములో కొంత భాగము రష్యాలోను, చదువులో కొంత భాగము స్విట్జర్లాండులోను గడిచెను. సేవకులు, గుఱ్ఱములు, పుస్తకములు, విందులు, వీటి నడుమ ఆమె పెరిగెను. అట్టి కుటుంబములలోని ఆడపిల్ల చదువుకొనవచ్చును గాని ఉద్యోగము చేయరాదని ఆనాటి పెద్దల తలంపు. మంచి సంబంధము చూచి పెండ్లి చేసినయెడల తమ బాధ్యత తీరినదని వారు అనుకొనుచుండిరి.

1904లో ఆమెకు ఒక న్యాయవాదితో వివాహమాయెను. 1906లోనే అతడు మరణించెను. అప్పటికి ఆమె వయస్సు 25 సంవత్సరములు. పుట్టింట ఊరక కూర్చుండుటకు ఆమె మనస్సు ఒప్పలేదు. న్యూయార్కులోని సెయింట్ లూక్ ఆసుపత్రిలో చేరి, సామాన్య కుటుంబముల పిల్లలతో సమానముగా పనిచేసి, 1910లో నర్సు విద్య ముగించెను.

1912లో ఆమె తిరిగి వివాహము చేసికొని ఆర్కాన్సాస్ రాష్ట్రములో కాపురముండెను. 1914 జనవరిలో ఒక కుమారుడు కలిగెను. అతనిని బ్రెకీ అని ముద్దుగా పిలుచుచుండిరి. 1916లో ఒక కుమార్తె నెలలు నిండకముందే పుట్టి, కొన్ని గంటలు మాత్రమే బ్రదికి, కన్నుమూసెను. 1918 జనవరిలో, నాలుగవ పుట్టినరోజు గడచిన కొద్ది దినములకే, బ్రెకీ కూడ వ్యాధిపడి మరణించెను. ఆ పిదప సంసారము నిలువలేదు. 1920లో విడాకులాయెను.

ఇట్లు నలువది ఏండ్లు నిండకమునుపే ఆమె మొదటి భర్తను, ఇద్దరు బిడ్డలను, కాపురమును పోగొట్టుకొనెను. ఆమె స్వయముగా నర్సు. ఇంట ధనమునకు కొదువ లేదు, వైద్యులను పిలుచుకొనుటకు అడ్డులేదు. అయినను బిడ్డ దక్కలేదు. మరి వైద్యుని ముఖమే ఎరుగని తల్లుల గతి యేమి? ఈ ప్రశ్న ఆమెను విడువలేదు. తన బిడ్డలకు చేయలేకపోయిన దానిని ఇతరుల బిడ్డలకు చేయవలెనని ఆమె నిశ్చయించుకొనెను.

నేర్చుకొనిన సంవత్సరములు

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత 1919లో ఆమె ఫ్రాన్సు దేశమునకు వెళ్లెను. యుద్ధముచేత పాడైన పల్లెలలో పసిపిల్లలకు, బాలింతలకు, గర్భిణీ స్త్రీలకు ఆహారమును, నర్సుల సహాయమును అందించు ఏర్పాట్లు చేసెను. పాలు లేక చిక్కిపోవుచున్న పిల్లల కొరకు మేకలను కొనుటకై అమెరికాలోని స్నేహితులకు జాబులు వ్రాసి ధనము తెప్పించెను. అచ్చట ఆమె ఒక సంగతి కనిపెట్టెను. ఫ్రాన్సులోను ఇంగ్లండులోను శిక్షణ పొందిన మంత్రసానులు ఉండిరి. ఇంగ్లండులో ఒకే స్త్రీ నర్సుగాను మంత్రసానిగాను ఉండుటయు కలదు. అమెరికాలోనైతే నర్సుకు ప్రసవము చేయుట నేర్పు ఏర్పాటు దాదాపు లేదు. మంత్రసానికి వైద్యశాస్త్రము నేర్పువారును అరుదు. ఈ రెండు విద్యలను ఒక్క చేతిలో ఉంచినయెడల దూరపు పల్లెలకు ఎంతో మేలు కలుగునని ఆమెకు తోచెను.

1923 వేసవికాలమున ఆమె కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండలకు వెళ్లెను. కౌంటీ అనగా ఆ దేశములో రాష్ట్రమునకు లోబడిన చిన్న జిల్లా వంటిది. లెస్లీ, నాట్, ఔస్లీ అను మూడు కౌంటీలలో ఆమె సుమారు 650 మైళ్లు గుఱ్ఱములమీదను కంచరగాడిదలమీదను తిరిగి, ఇండ్లకు వెళ్లి తల్లులతో మాటలాడెను, 53 మంది మంత్రసానులను కలిసికొనెను. వారిలో అనేకులు వయస్సు మళ్లినవారు. పిలుపు వచ్చినప్పుడు చీకటి యనక, చలి యనక వెళ్లువారు. వారిలో దయకు కొదువ లేదు. లేనిది శిక్షణ. కంటికి కనబడని క్రిములవలన బాలింతకు జ్వరము వచ్చునని వారికి చెప్పినవారు లేరు. రక్తస్రావము నిలువనప్పుడు ఏమి చేయవలెనో నేర్పినవారు లేరు.

అప్పుడు లెస్లీ కౌంటీకి రైలు లేదు, మోటారు పోవు రోడ్డు లేదు. అచ్చట లైసెన్సు పొంది స్థిరపడిన వైద్యుడు ఒక్కడును లేడు. దారి యనగా ఏటి గర్భమే. వానలు వచ్చినప్పుడు ఆ దారియు మూసికొనిపోవుచుండెను.

చూచినంతనే పని మొదలుపెట్టవలెనని ఎవరైనను తొందరపడుదురు. మేరీ ఆలాగు చేయలేదు. తనకు ఇంకను చాలినంత తెలియదని ఆమె గ్రహించెను. 42 ఏండ్ల వయస్సున మరల విద్యార్థినియై లండనుకు పోయి, మంత్రసాని శిక్షణ పొంది, 1924లో పరీక్షయందు ఉత్తీర్ణురాలాయెను. అదే సంవత్సరము స్కాట్లండు దేశపు ఉత్తర కొండలను, దీవులను చూడబోయెను. ఏలయనగా అచ్చట 1913 నుండి ప్రభుత్వము ఒక గొప్ప ఏర్పాటు నడుపుచుండెను. చెదరియున్న బీద పల్లెలకు నర్సులను, వైద్యులను పంపి, రుసుమును బీదలు చెల్లింపగలిగినంతగా తగ్గించి, మిగిలిన ఖర్చును ప్రభుత్వమే భరించుచుండెను. స్కాట్లండులో సాధ్యమైనది కెంటకీలో ఏల సాధ్యము కాదని ఆమె తలంచెను.

లెక్కతో మొదలైన సేవ

1925 మే 28వ తేదీన కెంటకీ రాజధానియైన ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఆమె కొందరు పెద్దలను కూర్చి ఒక సంఘమును స్థాపించెను. 1928లో దానికి ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీసు అను పేరు పెట్టబడెను. మొదటి మూడు సంవత్సరముల ఖర్చునకు తల్లివలన తనకు వచ్చిన ఆస్తిని వినియోగించెను.

సంఘము చేపట్టిన మొదటి పనులలో ఒకటి లెక్క. స్కాట్లండు నుండి ఈ విద్య తెలిసిన ఒక స్త్రీని పిలిపించి, లెస్లీ కౌంటీలో ఎందరు పుట్టుచున్నారో, ఎందరు చనిపోవుచున్నారో విచారింపజేసిరి. అంతకుముందు ఆ కొండలలో అనేక జననములు, మరణములు ఏ పుస్తకములోను వ్రాయబడకయే పోవుచుండెను. లెక్కలోనికి రాని బిడ్డ మరణము ప్రభుత్వమునకు తెలియదు. తెలియని దుఃఖమునకు మందు వెదకువారు ఉండరు. అందుచేత లెక్కించుట కూడ కనికరములో ఒక భాగమని ఆమె నమ్మెను.

పిమ్మట ఆమె చేసిన ఏర్పాటు ఇట్టిది. కౌంటీకి ముఖ్యపట్టణమైన హైడెన్ నడుమ నుండును. చుట్టును చిన్న నర్సు కేంద్రములు. ఒక్కొక్క కేంద్రములో ఇద్దరు నర్సులు, వారి గుఱ్ఱములు, ఒక ఆవు. ఒక్కొక్క కేంద్రము తన చుట్టుపట్ల అయిదు మైళ్ల మేర చూచుకొనవలెను. ఏ యింట కష్టము వచ్చినను, కబురు అందిన కొద్ది గంటలలో నర్సు గుఱ్ఱమెక్కి అచ్చటికి చేరవలెను. 1930 నాటికి ఇట్టి కేంద్రములు ఆరు వెలసెను. సుమారు 700 చదరపు మైళ్ల కొండ ప్రదేశము వాటి పరిధిలోనికి వచ్చెను. 1928లో హైడెన్ పైనున్న కొండమీద రాతితో కట్టిన ఆసుపత్రి తెరువబడెను. దానిని ప్రతిష్ఠించుటకు, స్కాట్లండులోని ఆ ఏర్పాటునకు మూలస్తంభమైన సర్ లెస్లీ మెకెంజీ గారు సముద్రము దాటి వచ్చిరి.

నర్సు పని

జీనుకు ఇరుప్రక్కల వ్రేలాడు తోలుసంచులలో నర్సు తనకు కావలసినవన్నియు సర్దుకొనుచుండెను. ప్రసవమునకు ఒక జత సంచులు, సాధారణ రోగులకు మరియొక జత. నర్సు వచ్చిపోయిన ఇంట క్రొత్త బిడ్డ కనబడుచుండుటచేత, పసిపిల్లలు ఆ సంచులలోనే వత్తురని కొండ పిల్లలు నమ్ముచుండిరి.

స్త్రీ గర్భవతియైనదని తెలిసిన నాటినుండి నర్సు రెండు వారములకొకసారి ఆమెను చూచుచుండెను. ఏడవ నెల తరువాత వారమునకొకసారి. ప్రసవము ఆ తల్లి యింటనే జరుగుచుండెను. తరువాత పది దినములు నర్సు వచ్చి తల్లిని బిడ్డను చూచిపోవుచుండెను. ఆపద సూచనలు కనబడినయెడల ముందుగానే ఆసుపత్రికి చేర్చుచుండిరి. లెక్సింగ్టన్ నగరపు వైద్యులు వ్రాసియిచ్చిన నియమములు ఒక్కొక్క నర్సు యొద్ద నుండెను. వాటిని మీరి ఆమె స్వంత బుద్ధితో వైద్యము చేయరాదు.

నర్సు ప్రసవమునకు మాత్రమే వచ్చునది కాదు. ఇంటిల్లిపాది ఆరోగ్యమును విచారించుచుండెను. టైఫాయిడు, డిఫ్తీరియా, మశూచి రాకుండ టీకాలు వేయుచుండెను. త్రాగునీటి బావి ఎచ్చట ఉండవలెనో, మరుగుదొడ్డి దానికి ఎంత దూరముండవలెనో చెప్పుచుండెను. కడుపులో పురుగులున్న పిల్లలకు మందు ఇచ్చుచుండెను. వ్యాధి వచ్చిన తరువాత పరుగెత్తుటకంటె, రాకుండ చూచుట తక్కువ ఖర్చుతో కూడినదని మేరీ గారికి బాగుగా తెలియును.

దీనికి రుసుము ఉన్నది. సంవత్సరమునకు కుటుంబమొక్కటికి ఒక డాలరు, ప్రసవమునకు అయిదు డాలర్లు. గాని ఆ కొండలలో రొక్కము అరుదు. కాబట్టి గుఱ్ఱములకు మేత, గ్రుడ్లు, కోళ్లు, చేతితో కుట్టిన బొంతలు, లేదా కంచె కట్టుట, కట్టెలు కొట్టుట, వీటిలో ఏదైనను చెల్లు. డబ్బు లేదని ఎవరిని త్రోసివేయలేదు. అయితే ఊరక తీసికొనుచున్నామను చిన్నతనము కూడ ఎవరికిని కలుగనీయలేదు. కేంద్రములు కట్టునప్పుడు ఊరివారు స్థలమిచ్చిరి, మ్రానులు ఇచ్చిరి, కూలి లేకుండ పనిచేసిరి. ఒక్కొక్క కేంద్రమునకు ఊరి పెద్దల కమిటీ ఒకటి ఉండెను. ఈ విధముగా ఆ సేవ పరాయివారి ధర్మముగా గాక తమ స్వంత పనిగా వారికి కనబడెను.

కష్టకాలము

1930లో ఆ ప్రదేశమున గొప్ప కరవు వచ్చెను. అదే సమయమున దేశమంతట వ్యాపారములు కూలిపోయి, చందాలిచ్చువారి చేతులు ముడుచుకొనెను. జీతములు తగ్గింపవలసి వచ్చెను. అయినను నర్సులలో అనేకులు పనిని విడువలేదు. 1931లో మేరీ గారు గుఱ్ఱముమీదనుండి పడగా వెన్నెముక విరిగెను. అప్పటినుండి జీవితాంతము ఆమె నడుమునకు పట్టీ కట్టుకొనవలసి వచ్చెను. అయినను నగరములకు పోయి, సభలలో మాటలాడి, ధనము కూర్చుట మానలేదు.

1939లో యూరపులో యుద్ధము ప్రారంభము కాగా, ఆమె యొద్ద పనిచేయు బ్రిటిషు నర్సులలో అనేకులు తమ దేశమునకు మరలిపోయిరి. ఇక సేవ ఆగిపోవునేమోయని భయము కలిగెను. ఆమె కూర్చుండి ఏడ్వలేదు. బయటనుండి నర్సులు రానియెడల ఇచ్చటనే తయారు చేయుదమని ఆ సంవత్సరమే హైడెన్‌లో పాఠశాల తెరచెను. మొదటి తరగతిలో విద్యార్థినులు ఇద్దరు మాత్రమే.

ఫలితము

మొదటి వేయి ప్రసవముల లెక్కలను ఒక పెద్ద భీమా కంపెనీవారు పరిశీలించిరి. వాటిలో ప్రసవమే కారణముగా చనిపోయిన తల్లి ఒక్కతెయు లేదు. మొదటి 30 సంవత్సరముల లెక్క చూడగా, ఆ సేవలో పదివేల ప్రసవములకు మరణించిన తల్లులు సుమారు 9 మంది. అదే కాలములో దేశమంతటి లెక్క పదివేలకు సుమారు 34. గొప్ప నగరములు, గొప్ప ఆసుపత్రులు గల దేశముకంటె, దారిలేని ఆ బీద కొండలలోనే తల్లులు క్షేమముగా నుండిరి. వారిలో అధిక భాగము తమ యిండ్లలోనే, గుఱ్ఱమెక్కి వచ్చిన నర్సు చేతిలో ప్రసవించిరి.

చెప్పక తప్పని మాట

పుణ్యస్త్రీల చరిత్రలు వ్రాయునప్పుడు వారి లోపములను దాచుట వాడుక. అది మంచి వాడుక కాదు. మేరీ గారి పూర్వికులు బానిసలను ఉంచుకొనిన తెల్లవారు. ఆ కుటుంబపు వర్ణభేదము ఆమె మనస్సునుండి తొలగిపోలేదు. ఆమె తన సేవలో నల్లజాతి నర్సులకు చోటియ్యలేదు. ఏరు దాటి, కొండ యెక్కి, బీదవాని గుడిసెలో మోకాళ్లూనిన ఆ స్త్రీ ఈ ఒక్క గడపను దాటలేకపోయెను. చదువరీ, ఆమెను తీర్పు తీర్చుటకు ముందు మన ఊరిని జ్ఞాపకము చేసికొనుము. ఎవరి వీధికి మనము నడిచి వెళ్లము? ఎవరి చేతి నీళ్లు త్రాగము? రోగియైనప్పుడు కూడ ఎవరిని దూరముగా ఉంచుదుము? మంచి పనిచేయువారి కన్నులలో సహితము దూలముండవచ్చునని ఆమె జీవితము మనకు చూపుచున్నది.

ముగింపు

మేరీ బ్రెకిన్‌రిడ్జ్ 1965 మే 16వ తేదీన, హైడెన్ దగ్గర వెండోవర్‌లో తాను కట్టించుకొనిన దుంగల యింట మరణించెను. అప్పటికి ఆమె వయస్సు 84 సంవత్సరములు. ఆ కొండలకు అప్పటికే రోడ్లు వచ్చెను, గుఱ్ఱములకు బదులు జీపులు వచ్చెను. 1975లో హైడెన్‌లో ఆమె పేరున క్రొత్త ఆసుపత్రి తెరువబడెను. ఇద్దరు విద్యార్థినులతో మొదలైన పాఠశాల నేడు విశ్వవిద్యాలయమై, అనేక పల్లె ప్రాంతములకు నర్సులను, మంత్రసానులను తయారు చేయుచున్నది.

మంచి సమరయుని కథ మనకందరికి తెలియును. దానిలో రెండు సంగతులున్నవి. మొదటిది, అతడు గాయపడినవాని యొద్దకు తానే వెళ్లెను. పడియున్నవాడు లేచి తన యొద్దకు రావలెనని కనిపెట్టలేదు. రెండవదానిని మనము తరచుగా మరచుచుందుము. మరునాడు అతడు పూటకూళ్లవానికి డబ్బిచ్చి, ఇంక ఖర్చయినను తాను ఇచ్చెదనని మాటయిచ్చి వెళ్లెను. అనగా కనికరము ఆ రాత్రితో తీరిపోలేదు, రేపటికి కూడ ఏర్పాటు జరిగెను. మేరీ గారి చరిత్రలో ఈ రెండును కలవు. ఏటిలో గుఱ్ఱము దింపిన ధైర్యము మొదటిది. లెక్కలు, కేంద్రములు, నియమములు, పాఠశాల రెండవది. మొదటిది మాత్రమే ఉండినయెడల, ఆమెతోనే ఆ పని సమాధిలోనికి పోయియుండును.

మన సంఘములలో గుఱ్ఱమెక్కవలసినవారు ఎవరును లేకపోవచ్చును. అయినను మన వీధిలో నెలలు నిండిన స్త్రీ ఎవరో, ఆమె ఆరోగ్య కేంద్రమునకు వెళ్లుచున్నదో లేదో మనకు తెలిసియుండవలెను కదా. అర్ధరాత్రి నొప్పులు వచ్చినయెడల ఎవరి బండి కట్టవలెనో, ఎవరు తోడు పోవలెనో, ఖర్చునకు డబ్బు ఎచ్చటనుండి తేవలెనో పగటివేళనే అనుకొని ఉంచుకొనవచ్చును కదా. ఊరికి వచ్చు నర్సమ్మకు కూర్చుండుటకు పీట వేసి, త్రాగుటకు నీళ్లిచ్చి, టీకాలకు పిల్లలను తీసికొని వచ్చుటకు పెద్ద చదువు అక్కరలేదు. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత స్త్రీల సమాజమువారు ఈ సంగతిని గూర్చి ఒక పావుగంట మాటలాడుకొనిన మేలు.